వయసు రాయని చీటీ

“ఆ బకెట్ కాస్త లోపల పెట్టేసి వెళ్ళు. రెండు నిమిషాల పని,” అంది అత్తగారు, బాత్రూం గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి.

చెప్పులు వేసుకున్న మనిషి మళ్ళీ విప్పింది. భుజాన బ్యాగు జారిపోతుంటే మోచేత్తో పైకి తోసుకుంటూ, నిండు బకెట్ ఎత్తి లోపల పెట్టింది. సగం నీళ్ళు పాదాల మీద ఒలికాయి. శనివారం, ఒంటిగంటన్నర. రెండుకల్లా సెంటర్లో ఉండాలి. తడి కాళ్ళతోనే చెప్పుల్లో దూరి మెట్లు దిగింది.

పందొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో కింద ఉన్న వస్తువు ఏదైనా పైకి లేవాలంటే ఆమె చెయ్యే పడాలి. నీళ్ళ డబ్బా, గ్యాస్ సిలిండరు, సరుకుల సంచి, తడి దుప్పట్లు. కాపురానికొచ్చిన వారంలోనే భర్త చెప్పాడు. “మా అమ్మ బరువులెత్తదు. ఆవిడకి అలవాటు లేదు.” అలవాటు లేదు! ఆ మాట ఆమె లోపల ఎన్నేళ్ళు నలిగిందో లెక్కలేదు. తనకి మాత్రం పుట్టుకతో వచ్చిందా ఏమిటి అలవాటు? ఆవిడది దర్జా అనుకుంది. కోడలు వచ్చింది కాబట్టి ఇక చెయ్యి కదపక్కర్లేదన్న పెద్దరికం అనుకుంది. ఆవిడ కింద కూర్చోదు, ఎత్తు పీట మీద కూర్చోదు, భోజనం కూడా వంటింటి గట్టు దగ్గర నిలబడే చేస్తుంది. ఎవరి ఇంటికీ రాదు. రెండు గంటలు బస్సులో వెళ్ళాలంటే ఏదో ఒక వంక పెట్టి మానేస్తుంది. తన గుడ్డలు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఉతుక్కుని, పెరటి తలుపు వెనక, తువ్వాలు కింద దాచి ఆరేసుకుంటుంది. “మీ అత్తగారు భలే పట్టింపు మనిషి” అని పక్కింటావిడ నవ్వితే, ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వులో కొంచెం కసి ఉండేది.

సెంటరు అంటే బస్ డిపో వెనక, చెప్పులు కుట్టే కొట్టు మీద రెండు గదులు. ముందు గదిలో వారానికి మూడు రోజులు లేడీ డాక్టరు కూర్చుంటుంది. వెనక గదిలో ప్రతి శనివారం పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఏడుగురు చేరతారు. జీతం లేదు, బలవంతం లేదు. తమ ఈడు వాళ్ళ కోసం తామే రాసి ఒక చిన్న పత్రిక తెస్తారు. ఒంట్లో వచ్చే మార్పులు, నెలసరి, ఇష్టం, అయిష్టం, వద్దంటే వద్దే అని చెప్పడం, రోగాలు రాకుండా చూసుకోవడం, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. పత్రిక పేరు ‘అడుగు’. కాలితో వేసే అడుగా, నోరు తెరిచి అడగమనే అడుగా అని ఎవరైనా అడిగితే, “మీకేది కష్టమో అదే” అంటారు పిల్లలు.

ఆమెను తీసుకున్నది టైపు చెయ్యడానికి. కానీ టైపుతో పాటు కుర్చీలు వెయ్యడం, టీ పెట్టడం, తప్పులు దిద్దడం, పేజీలు కట్టడం, కోపంతో ఫోన్ చేసే తల్లిదండ్రులకు నచ్చజెప్పడం కూడా ఆమె పనే అయి కూర్చుంది. ఎప్పుడు అయిందో ఎవరికీ తెలియదు. “మీరుండబట్టి సరిపోయింది. ఇల్లు నడిపినట్టే నడిపేస్తున్నారు” అని డైరెక్టరు ఆమెని మెచ్చుకుంటాడు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమెకి ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపించేది. ఇంట్లో ఉంటే సెంటర్ గుర్తొచ్చేది, సెంటర్లో ఉంటే పొయ్యి ఆర్పానా లేదా అని గుర్తొచ్చేది. ఏ కుర్చీలోనూ ఐదు నిమిషాలు నిలకడగా కూర్చోలేని మనిషైపోయింది.

పిల్లలు ఆమెను ‘టైపాంటీ’ అంటారు. చేరిన కొత్తలో ఒకమ్మాయి రాసిన వ్యాసం టైపు చేస్తూ, ఒక మాట దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట ఆమె నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. మొదటి అక్షరం కొట్టి, నాలుగు చుక్కలు పెట్టి, చివరి అక్షరం కొట్టేసింది. ఆ వ్యాసం రాసిన పిల్లకి పదహారేళ్ళు. ప్రతిదానికీ వాదిస్తుందని అందరూ ‘లాయరు’ అంటారు. కాగితం పట్టుకుని వచ్చి అడిగింది.

“ఆంటీ, ఇక్కడ చుక్కలెందుకు పెట్టారు?”

“చూసేవాళ్ళకి బాగుండదని...”

“చెవి అని రాయాలంటే చుక్కలు పెడతామా?”

“చెవీ, అదీ ఒకటేనా?”

“రెండూ ఒంట్లోవే కదాంటీ. చెవికి నొప్పొస్తే చెవి అని చెప్తాం. దీనికి నొప్పొస్తే డాక్టరు దగ్గర నాలుగు చుక్కలు చెప్తామా?”

గదిలో అందరూ నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది. చుక్కలు తీసేసి పూర్తి మాట కొట్టింది. కొట్టాక చాలాసేపు దానివైపే చూసింది. అంతసేపు చూసినా కంప్యూటరు పేలిపోలేదు.

ఆ గది గోడ మీద పిల్లలు రాసి అంటించుకున్న నియమాలు మూడే. అడిగిందెవరో అడగకూడదు. ఎవరేం అడిగినా నవ్వకూడదు. తెలియకపోతే తెలియదని రాయాలి. గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె ఉంటుంది. చుట్టుపక్కల పిల్లలు తమ సందేహాలు చీటీల మీద రాసి అందులో వేస్తారు. శనివారం నాడు ఆ పెట్టె బల్ల మీద బోర్లించి, ఏ చీటీకి ఎవరు జవాబు రాయాలో పంచుకుంటారు. రాసిన జవాబు డాక్టరు చూసి సరేనన్నాకే అచ్చుకి వెళ్తుంది.

తప్పులు దిద్దే పని సెంటర్లో తెమలక, ఆమె కాగితాలు ఇంటికి తీసుకెళ్ళేది. వంటయ్యాక వంటింటి బల్ల మీదే దిద్దేది. అత్తగారు ఆ కాగితాల వైపు మొహం చిట్లించి చూసేది. “ఆ పాడు రాతలు తిండి తినే చోట పెట్టకు.” భర్తది మరో తీరు. “నీకింకో ఉద్యోగమే దొరకలేదా? మా ఆఫీసులో ఎవరైనా అడిగితే మా ఆవిడ టైపు చేస్తుందని చెప్తాను. ఏం టైపు చేస్తుందో మాత్రం చెప్పను.” చెప్పి, తన జోకుకి తనే నవ్వుకునేవాడు. కూతురు హాస్టల్లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దాని ముందే అనేవాడు.

ఆ శనివారం ఆమె ఆయాసపడుతూ వచ్చేసరికి పిల్లలు అప్పటికే పెట్టె బోర్లించేశారు. ఇంటి నుంచి తెచ్చిన కాగితాల కట్ట ఆ చీటీల పక్కనే పెట్టి, ఎవరి కాగితాలు వాళ్ళు తీసుకోమని చెప్పి, టీ పెట్టడానికి మూలకి వెళ్ళింది. కట్ట విప్పారు, పంచుకున్నారు, చీటీలు విప్పడం మొదలుపెట్టారు.

“ఇదేంటి, ఇంత పెద్ద చీటీ,” అంది కళ్ళద్దాలు. ఆ పిల్లకి పదిహేడేళ్ళు. మాట్లాడేది తక్కువ. ఆ పేరు సోడాబుడ్డి కళ్ళజోడు వల్ల వచ్చింది. రాసిందల్లా నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి రాస్తుంది. కష్టమైన చీటీలన్నీ చివరికి ఆ పిల్ల దగ్గరికే చేరతాయి. పైకి చదివింది.

“అమ్మాయిలకు. కూర్చుంటే కింద నుంచి ఏదో బయటికి వచ్చినట్టు ఉంటుంది. గుడ్డతో లోపలికి తోసుకుంటాను. బరువు ఎత్తితే ఇంకా జారుతుంది. దగ్గితే నీళ్ళు పడతాయి. ఇది చాలా ఏళ్ళ నుంచి. ఇది పెద్ద జబ్బా. చెప్పుకోవచ్చా. ఎవరికి చెప్పాలి.”

ఎవరూ నవ్వలేదు.

“ఇది మన ఈడు వాళ్ళది కాదు,” అంది లాయరు. “చాలా ఏళ్ళ నుంచి అంటోంది. వయసు కూడా రాయలేదు.”

“అమ్మాయిలకు అని రాసింది,” అంది కళ్ళద్దాలు. “అంటే మనకే.”

టీ గ్లాసుల పళ్ళెం బల్ల మీద దించుతూ ఆమె ఆ కాగితం వెనకవైపు చూసింది. రోజుకో కాగితం చింపే గోడ క్యాలెండరు తాలూకు కాగితం. మీద లావుపాటి పదిహేడు. దాని కింద పెన్సిలుతో ‘గ్యాస్ వచ్చింది’ అని రాసుంది. ఆ రాత తనదే. బుధవారం నాడు, సిలిండరు లోపలికి మోసి, ఒగుర్చుకుంటూ తను రాసినదే.

పళ్ళెం బల్ల అంచుకి తగిలి రెండు గ్లాసులు ఒలికాయి. “అయ్యో, కాలిందా ఆంటీ?” అంటూ పిల్లలు కాగితాలు పక్కకి లాగారు. చీటీ తడవకుండా కళ్ళద్దాలు దాన్ని గుండెకి ఆనించుకుంది. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. చీటీ పెట్టెలోంచి రాలేదు, తను తెచ్చిన కట్టలోంచి జారిందని ఆ గదిలో తెలిసింది తనొక్కదానికే.

బస్సులో ఇంటికి వెళ్తుంటే ఆమెకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. వేడిగా, పళ్ళు కొరుక్కునేంత కోపం. ఒక్క మాట. ఒక్క మాట చెప్తే పోయేది కదా! ‘నేను ఎత్తలేనమ్మా, నాకిలా ఉంది’ అంటే, తను పందొమ్మిదేళ్ళు బరువులతో పాటు ఈ కసిని కూడా మోసేది కాదు కదా. కూతురు పుట్టి నెల తిరక్కుండానే తను తడి దుప్పట్లు పిండింది. ఆ రోజు ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకుంది. ఆ చూపు తనకిప్పటికీ గుర్తే. అధికారం అనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే అది మరేదో. భయమేమో. ఈ పిల్లకీ నాలాగే అవుతుందేమో అన్న భయమేమో. భయమైతే మరి నోరెందుకు తెరవలేదు? దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడుస్తుంటే ఇంకో ఆలోచన వచ్చి కాళ్ళకి అడ్డం పడింది. చెప్తే మాత్రం ఏ మాటల్లో చెప్పేది ఆవిడ? తనకే నిన్నమొన్నటి దాకా ఆ మాట దగ్గర చుక్కలే కదా దిక్కు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడిపోవడం తనకీ అలవాటే. పురుడైన ఆడవాళ్ళందరికీ మామూలే అనుకుని వదిలేసింది. ఎవర్నీ అడగలేదు.

ఆ వారమంతా ఆమెకి ఇంట్లో కాలు నిలవలేదు. కూర తరుగుతూ ఆగిపోయేది. ఆవిడ బాత్రూంలోకి వెళ్ళిన ప్రతిసారీ చెవులు అటే పోయేవి. ‘అత్తయ్యా, ఆ చీటీ...’ అని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. రెండుసార్లూ గోడ మీది మొదటి నియమం అడ్డొచ్చింది. అడిగిందెవరో అడగకూడదు. అలా అడగరన్న నమ్మకం మీదే కదా ఆవిడ ఆ నాలుగు ముక్కలు రాసింది! బరువులు మాత్రం ఆవిడ చెప్పకముందే ఎత్తి పెట్టేసింది. ఆవిడ ఒకసారి వింతగా చూసి, “ఏంటివాళ, అడక్కుండానే” అంది. గురువారం నాడు, ఎటో చూస్తూ, “మీ పిల్లల పుస్తకం ఎప్పుడొస్తుంది?” అనడిగింది. పాడు రాతలు పుస్తకమైపోయాయి.

“వచ్చే వారం, అత్తయ్యా.”

“ఊఁ,” అంది ఆవిడ.

శనివారానికి కళ్ళద్దాలు జవాబు రాసుకొచ్చింది. డాక్టరు రెండు చోట్ల దిద్ది సంతకం పెట్టింది. ఆమె టైపు చేస్తుంటే తెర మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

“అడిగినవారికి. మీ వయసు మాకు తెలియదు, అక్కర్లేదు కూడా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గర్భసంచి జారడం కావచ్చు. గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు కాన్పుల వల్ల, బరువు పనుల వల్ల, వయసు వల్ల వదులైతే అది కిందికి దిగుతుంది. ఇది మీ తప్పు కాదు. ఎంతమందికి ఉంటుందో సరిగ్గా మాకు తెలియదు, ఎందుకంటే చాలామంది ఎవరికీ చెప్పరు. డాక్టరు పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది. దీనికి వ్యాయామాలున్నాయి, లోపల పెట్టే మెత్తటి రింగు ఉంది, అవసరమైతే ఆపరేషను ఉంది. చెప్పుకోవచ్చా అని అడిగారు. చెప్పుకోవచ్చు. మాకు చెప్పేశారు కదా. అందరికన్నా ముందు చెప్పడమే కష్టం, అది మీరు చేసేశారు. ఇంక డాక్టరుకి చెప్పడం తేలిక. ఇట్లు, కళ్ళద్దాలు.”

చివరి వాక్యం కొడుతుంటే తెర మసకేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, పిల్లలు చూస్తారని కిటికీ వైపు తిరిగింది.

అప్పుడే డైరెక్టరు వచ్చాడు. అచ్చుకి వెళ్ళే ముందు పేజీలన్నీ ఆయన చూడాలి. పదకొండో పేజీ దగ్గర ఆగాడు.

“ఇదేంటిది? గర్భసంచి జారడమా? ఇది పెద్దవయసు వాళ్ళ గొడవ. మన పాఠకులు టీనేజి పిల్లలు. రేపు తల్లిదండ్రులు ఫోన్ చేసి, మా పిల్లలకి ఇదెందుకని అడిగితే ఏం చెప్తాం? తీసెయ్యండి. ఆ జాగాలో చేతులు కడుక్కోవడం గురించి వెయ్యండి.”

“చేతులు కడుక్కోవడం ఇప్పటికి మూడుసార్లు వేశాం సార్,” అంది లాయరు.

“అయితే నాలుగోసారి వెయ్యండి. మంచి అలవాటే కదా.”

“డాక్టరు గారు సంతకం పెట్టారు సార్. ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో ఉంటే మాకు తెలియాలి కదా? రేపు మాకూ కాన్పులవుతాయి కదా?”

“నీకిప్పుడే కాన్పులెందుకమ్మా!” అని నవ్వాడాయన. ఇంకెవరూ నవ్వలేదు. కళ్ళద్దాలు తన కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంటోంది. ఆ పిల్ల వాదించదు. ఇంటికెళ్ళి ఏడుస్తుంది. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

“టైపిస్టు గారూ, ఆ పేజీ తీసేసి...” అంటూ ఆయన ఆమె వైపు తిరిగాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది. ఇన్ని నెలల్లో ఆ గదిలో ఆమె లేచిందల్లా టీ కోసమే.

“అది తీసెయ్యొద్దు సార్.”

“ఏంటండీ?”

“ఆ చీటీ రాసిన మనిషి నాకు తెలుసు. ఆ పేజీ కోసం చూస్తోంది.”

కింద కొట్లో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. డైరెక్టరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఎవరు?”

“అడిగిందెవరో అడగకూడదు సార్. గోడ మీద రాసుంది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గోడ వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. పిల్లలు ఏడుగురూ ఆయన్నే చూస్తున్నారు. “మీకేమైందండీ ఇవాళ? టైపు చెయ్యడం మీ పని.”

“టైపు చేశాను సార్, అచ్చుతప్పులు కూడా చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.” ఆమె ఆ పేజీ తన వైపు లాక్కుంది. “అది తీసేస్తే చేతులు కడుక్కోవడం టైపు చెయ్యడానికి మీరు ఇంకెవర్నైనా చూసుకోవాలి. నేను చెయ్యను.”

ఆయన కాసేపు కళ్ళజోడు తుడిచాడు. “సరే. కిందెక్కడో, చిన్న అక్షరాల్లో వెయ్యండి.”

“చిన్న అక్షరాలు ఆవిడకి కనపడవు సార్,” అంది ఆమె.

ఆయన చెయ్యి విసిరి వెళ్ళిపోయాడు. ఆ విసురు ‘ఏడవండి’ అన్నట్టూ ఉంది, ‘కానివ్వండి’ అన్నట్టూ ఉంది. వాళ్ళు రెండోదే తీసుకున్నారు. ఆమె దాన్ని పేజీ నిండా, పెద్ద అక్షరాల్లో కట్టింది. వెళ్ళేముందు కళ్ళద్దాలు ఆమె పక్కకి వచ్చి, “ఆవిడకి బాగా నొప్పిగా ఉంటుందా ఆంటీ?” అని మెల్లగా అడిగింది. ఆమె ఆ పిల్ల తల నిమిరింది. తనకి తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ తనకి తెలియదు.

ఆ సాయంత్రం పదకొండో పేజీ పైకి వచ్చేలా కాగితాలు వంటింటి బల్ల మీద పెట్టి, బట్టలు తీసుకురావడానికి డాబా మీదికి వెళ్ళింది. ఆరిన బట్టలు మడత పెట్టింది. ఆరనివి కూడా మడత పెట్టి, మళ్ళీ విప్పి ఆరేసింది. కిందికి దిగి తలుపు సందులోంచి చూస్తే, అత్తగారు కిటికీ దగ్గర నిలబడి, కాగితం వెలుగు వైపు ఎత్తి పట్టుకుని చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఒక చోట ఆగి, వేలితో ఒత్తిపట్టి, ఆ లైను మళ్ళీ చదివింది. ఆమె చప్పుడు కాకుండా మళ్ళీ డాబా ఎక్కేసింది.

మర్నాడు మధ్యాహ్నం భర్త కునుకు తీస్తుంటే, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ ఇటు తిరక్కుండానే అత్తగారు అడిగింది.

“మీ సెంటర్లో డాక్టరు, ఆడమనిషేనా?”

“ఆడమనిషే అత్తయ్యా.”

“మంగళవారం ఉంటుందా?”

“ఉంటుంది.”

“నీకు వీలవుతుందా?”

“అవుతుంది.”

తుడిచిన గిన్నే మళ్ళీ తుడిచింది ఆవిడ. “ఆ కళ్ళద్దాలు ఎవరు?”

“పదిహేడేళ్ళ పిల్ల.”

“పదిహేడేళ్ళా!” చెయ్యి ఆగింది. “ఆ వయసుకే నేను వీణ్ణి ఎత్తుకుని తిరిగేదాన్ని. ఇది నా తప్పు కాదని మా అమ్మ కూడా అనలేదు నాతో.”

మంగళవారం నాడు డాక్టరు గదిలో పచ్చటి తెర ఇవతల ఆమె కూర్చుంది. అవతల నుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగింది. మొదటి కాన్పు నుంచి, అంది అత్తగారు. పురిటి మంచం దిగిన పదకొండో రోజు నుంచి నీళ్ళు మోయించారట. మొదట్లో కొంచెమేనట, ముట్లుడిగాక ఎక్కువైందట. మీ వారికి చెప్పలేదా? “చెప్పాను. ఆడాళ్ళ గోల నాకెందుకన్నారు.” కొడుక్కి? “కొడుక్కి చెప్పే మాటా, డాక్టరమ్మా?” మరి కోడలు ఉందిగా ఇంట్లో, ఇన్నేళ్ళూ?

తెర అవతల మంచం కిర్రుమంది.

“చెప్తే లోకువైపోతాననుకున్నాను,” అంది అత్తగారు.

ఆమె ఒళ్ళో చేతులు బిగించుకుంది. ఆవిడ అన్నది అబద్ధం కాదు. పదేళ్ళ క్రితం చెప్పి ఉంటే, కోపం వచ్చిన ఏదో ఒక రోజున తను ఆ మాట తీసి ఆవిడ మొహాన కొట్టి ఉండేదేమో. కొట్టేదాన్ని కాదు అని ఒట్టేసి చెప్పలేకపోయింది. ఒకరి లోకువ ఇంకొకరి బలమయ్యే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు పందొమ్మిదేళ్ళు కాపలా కాసుకుంటూ బతికారు. ఎవరి ఇల్లని?

డాక్టరు రింగు పెట్టింది. ఎలా చూసుకోవాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి, దీనితో సరిపడకపోతే ఆపరేషను ఆలోచిద్దామంది. చీటీ రాస్తూ రాస్తూ తలెత్తి ఆమెను చూసింది. “మీకెలా ఉంది?”

“నాకేం లేదండీ.” అలవాటుగా వచ్చేసిన మాట. అత్తగారు ఆమె వైపు చూసింది. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. “అంటే... దగ్గినప్పుడు కొంచెం ఉంది. నన్ను కూడా చూస్తారా?”

ఇద్దరూ బయటికి వచ్చేసరికి నాలుగున్నర. వరండాలో బెంచీ మీద అత్తగారు కూర్చుంది. ముందు అంచున, తర్వాత కొంచెం వెనక్కి, తర్వాత పూర్తిగా వీపు ఆనించి. కళ్ళు మూసుకుంది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయినా ఆమె లేవమనలేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త ముందే వచ్చేసి ఉన్నాడు. చొక్కా కూడా మార్చుకోలేదు.

“చెప్పా పెట్టకుండా ఇద్దరూ ఎక్కడికి పోయారు? మూడుసార్లు ఫోన్ చేశాను. ఇంట్లో మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు.” అప్పుడు చూశాడు ఆమె చేతిలోని ఆసుపత్రి కాగితాలు. గొంతు మారింది. “ఏంటవి? ఏమైంది?” తల్లి ఎదురుగానే నిలబడి ఉంది. అతను అడిగింది మాత్రం భార్యని. “అమ్మకేమైంది?”

ఎప్పుడూ అంతే. తల్లి మాట కొడుక్కి చేరాలన్నా, కొడుకు మాట తల్లికి చేరాలన్నా ఆమె నోటి మీదుగానే పోవాలి. పోయేటప్పుడు అందులోని కారం తీసేసి, గరుకు తీసేసి, వినేవాళ్ళకి నొప్పి కలగని మాటగా చేసి అందించడం కూడా ఆమె పనే. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. ఆమె నాలుక చివర మాటలు సిద్ధంగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులండీ. గ్యాస్ అట. వయసు కదా, ఏవో మాత్రలిచ్చారు. వాటిలో ఏ ఒక్కటి అన్నా అతను ఊపిరి పీల్చుకుని టీవీ పెట్టుకుంటాడు. అత్తగారి పరువు నిలుస్తుంది. తను లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగిస్తుంది. ముగ్గురికీ హాయి.

ఆమె అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ చూపు దించుకోలేదు.

“ఆవిడ ఇక్కడే ఉందిగా,” అంది ఆమె భర్తతో. “ఆవిడనే అడగండి.”

కాగితాలు అత్తగారి చేతికిచ్చి, ఒక కుర్చీ లాగి ఆవిడ వెనక వేసింది. తనకీ ఒకటి లాక్కుంది. అతను తెల్లబోయి ఒకసారి తల్లినీ, ఒకసారి భార్యనీ చూశాడు. “ఏంటి... ఏంటమ్మా?”

అత్తగారు నెమ్మదిగా, పూర్తిగా కూర్చుంది.

“నువ్వూ కూర్చో రా,” అంది. “నువ్వు పుట్టినప్పటి సంగతి. కాస్త టైం పడుతుంది.”